మొదటి షీటు వదినెకే

"వదినె, మా గోళి బయటికొచ్చిన నాడు మొదటి షీటు నీకే" అని మా సడ్డకుడు నా భార్యకు మాట ఇచ్చి చాలా ఏళ్ళయింది. ఈమధ్య ఒక పొద్దున నా బామ్మర్ది ఫోన్ చేశాడు. మీ సడ్డకుడు లేడు బావా, కాలేజీల పాఠం చెప్పుకుంట బల్ల పట్టుకొని కూసున్నడట, మళ్ళ లేవలేదట అన్నాడు. నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ మాత్రల షీటే. దుఃఖం తర్వాత వచ్చింది. ఈ వయసులో నాకు ఏ సంగతిలోనైనా ముందు వచ్చేది కోపమే. చదివేవాళ్ళు దాన్ని పెద్దగా పట్టించుకోనక్కర్లేదు, మా వాళ్ళెవరూ పట్టించుకోరు.

సడ్డకుడు అంటే తోడల్లుడు, నా భార్య చెల్లెలి భర్త. ఊరు ఇచ్చోడ, జొన్నరొట్టెల సీమ. నాకంటే పన్నెండేళ్ళు చిన్న. నన్ను అన్నా అనేవాడు. హైదరాబాదులో ఒక మందుల కంపెనీ ప్రయోగశాలలో పని చేశాడు, ఆ తర్వాత మా కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్పాడు. అంతకు మించి ఏమీ కాదు. మరి మా వీధి మూల మీద కట్టిన ఫ్లెక్సీ చూస్తే, 'షుగర్ వ్యాధికి మందు కనిపెట్టిన మహా శాస్త్రవేత్త' అని ఉంది. అతను ఎన్నడూ తొడగని కోటు తొడిగి, ఎన్నడూ నవ్వని నవ్వు నవ్వించారు. కింద నా బామ్మర్ది ఫోటో ఉంది, పోయినవాడి ఫోటో కంటే కాస్త పెద్దదే. ఇంత మంది చదువుకున్న వీధిలో ఒక్కడికీ ఆ రాత తప్పని తోచలేదు.

అతను ఏ మందూ కనిపెట్టలేదు. తయారవుతున్న మందు ఒకదాన్ని ఆపమన్నాడు. దానికి ఎవరూ ఫ్లెక్సీ కట్టరు. అందుకే నేను రాస్తున్నాను.

అతని పనేమిటో అతనే చెప్పిన పద్ధతిలో చెబుతాను. ఇంతకంటే తేలికగా నాకు ఎవరూ చెప్పలేదు, పుస్తకాలు కూడా. మనం తిన్న నూనె, నెయ్యి, గింజల్లోని కొవ్వు ఒంట్లోకి పోయి మండుతుంది, మిగిలింది పొట్టమీద పేరుకుంటుంది, మనకు తెలిసింది ఇంతే. కానీ కొవ్వు ఇంకొక పని కూడా చేస్తుంది. కణం గోడ మీద దానికోసమే ఒక గ్రాహకం ఉంటుంది. అతను దాన్ని బెల్లు అనేవాడు, తలుపు పక్కన ఉండే కాలింగ్ బెల్లు. "కొవ్వు ఇంట్లకు రాకముందే బెల్లు కొడ్తదన్నా. లోపలోళ్ళకు ఎరుకైతది. ఎరుకైనంక ఎవల పని వాళ్ళు మొదలు పెడ్తరు." క్లోమంలో ఒక రకం బెల్లు ఉంది. అది మోగితే ఇన్సులిన్ ఎక్కువగా బయటికి వస్తుంది, అదీ నెత్తుట్లో చక్కెర పెరిగి ఉన్నప్పుడు మాత్రమే. కాబట్టి ఆ బెల్లు నొక్కే మందు దొరికితే చక్కెర దిగుతుంది, మరీ కిందికి పడిపోయి మనిషి కళ్ళు తిరిగి కూలే భయం తక్కువ. నెత్తుట్లో కాపలా కాసే కణాల మీద ఇంకొక బెల్లు ఉంది. చేపల్లో, అవిసె గింజల్లో ఉండే కొవ్వు దాన్ని నొక్కితే వాపు పుట్టించే గొడవ కాస్త సద్దుమణుగుతుంది. పేగుల్లో మరో రెండు మూడు ఉన్నాయి. మనం తిన్న పీచును సూక్ష్మజీవులు పులియబెట్టి చేసే చిన్న చిన్న కొవ్వులు వాటిని నొక్కుతాయి. అందుకే మా ఇంటికి వచ్చినప్పుడల్లా, "జొన్నరొట్టె తిను వదినె, లోపలి పురుగులకు గూడ పని దొరుకుతది" అనేవాడు. ఇచ్చోడ మనిషి కదా, వేరే కారణాలతో కూడా జొన్నరొట్టె తినమనేవాడే.

నా భార్యకు షుగరూ ఉంది, మోకాళ్ళ వాపూ ఉంది. రెండు బెల్లులూ ఆమె కోసమే పెట్టినట్టు వింది.

ఆదివారం ఆదివారం మా ఇంటికి వచ్చేవాడు. హైదరాబాదులో ఉన్నప్పుడు వీలైన ఆదివారం, కరీంనగర్ వచ్చాక ప్రతి ఆదివారం. ఆమె గారెలు వేసేది. అతను మొదటి గారెను పేపరు మీద పెట్టి అరచేత్తో వత్తి, ఆ పేపరును కిటికీ వెలుగుకు పట్టి నూనె మరకను చూసేవాడు. ఏం చూసేవాడో అతనికే తెలియాలి. చూసి, బరోబర్ అని తల ఊపి, ఆ గారెనే తినేవాడు. నేను ఇంకా చదవని పేపరే దొరికేది ఎప్పుడూ. సంపాదకీయం నిండా నూనె మరకలతో నేను ఎన్ని ఆదివారాలు చదివానో.

అతని నోట ఎప్పుడూ ఆడే మాట ఒకటి ఉంది, "ముందుగాల గిన్నె కడిగిందెవలో అడుగు." దాని వెనక ఒక కథ ఉంది. హైదరాబాదు ప్రయోగశాలలో వాళ్ళు కణాలను పెంచి, ఒక్కొక్క రసాయనం చుక్క వేసి చూసేవాళ్ళు. బెల్లు మోగితే కణం మెరుస్తుంది. ఒకసారి వరసగా కొన్ని వారాల పాటు ఏది వేసినా మెరిసిందట. కొత్త మందులు కుప్పలుగా దొరికాయని పెద్దలు సంబరపడి మిఠాయి పంచారు. ఇతను ఒక్కడే మిఠాయి తినకుండా, ఏ మందూ కలపని ఉత్త ద్రావణం చుక్క వేసి చూశాడు. అదీ మెరిసింది. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, గాజు సామాను కడిగే ద్రవం అయిపోతే ఎవరో బట్టల సబ్బు బిళ్ళతో కడిగారు. సబ్బు అంటే ఏమిటి, కొవ్వును క్షారంతో ఉడికించిందే. గిన్నెకు అంటుకున్న ఆ ఇసుమంత సబ్బే బెల్లులన్నీ మోగించింది. వారాల పని నీళ్ళపాలైంది. గిన్నెలు కడిగిన వాళ్ళ మీద ఎవరికీ కోపం రాలేదట. చెప్పినవాడి మీద వచ్చింది. మన దగ్గర అంతే.

అప్పటినుంచి ఎవరు ఏ శుభవార్త చెప్పినా అతను ఆ మాటే అనేవాడు. నా కొడుకు డిస్టింక్షన్‌లో పాసయ్యాడని చెబితే కూడా అదే అన్నాడు. నేను ఒక వారం మాట్లాడలేదు.

అలాంటి మనిషి, ప్రతి గిన్నెనూ అనుమానించే మనిషి, మా ఇంట్లో గారెలు తింటూ తన కంపెనీ గోళి మనుషుల మీద పరీక్షకు వచ్చిందన్న సంతోషంలో నా భార్యకు మొదటి షీటు ఇస్తానని మాట ఇచ్చాడు. అడిగితే కదా ఇవ్వడానికి? ఎవరూ అడగలేదు. ఆమె గారెల మూకుడు దగ్గర నిలబడి ఉంది, ఇతను కడుపు నిండి ఉన్నాడు, మాట జారింది. మా వైపు మనుషులకు తిన్న ఇంట్లో ఏదో ఒకటి ఇస్తానని చెప్పి లేవడం అలవాటు. ఆ అలవాటు మీద నాకు ఎప్పటినుంచో కంటగింపు.

మాట ఇచ్చిన తర్వాత ఆమె ఎదురుచూడటం మొదలుపెట్టింది. మామూలు గోళీలతో చక్కెర దిగడం లేదు, ఇక ఇన్సులిన్ సూది మొదలుపెట్టాలి అని డాక్టరు చెప్పాడు. ఆమె ఒప్పుకోలేదు. వాళ్ళమ్మ సూది మొదలుపెట్టిన సంవత్సరంలోనే పోయింది. ఆ లెక్కన సూది అంటే చావుకు పిలుపని ఆమె నమ్మకం. ఆమె ఒక్కతే కాదు, మా వీధిలో సగం మంది నమ్మకం అదే. రోగం ముదిరి ముదిరి, ఇక దారి లేనప్పుడు సూది మొదలుపెడతారు, తర్వాత పోతారు, నింద సూది మీద పడుతుంది. ఇది తప్పని నేను చెప్పాను, డాక్టరు చెప్పాడు. ఆ డాక్టరు చెప్పిన తీరు గురించి నాకు వేరే ఫిర్యాదు ఉంది. తలెత్తకుండా చెప్పాడు, తలెత్తకుండానే తరువాతి వాళ్ళను పిలిచాడు. "మరిది గోళి వచ్చెదాక ఆగుదాం" అని ఆమె ఇంటికి వచ్చేసింది.

ఈ సందులో నా బామ్మర్ది దూరాడు. ఫోనులో వచ్చిన ప్రతి వీడియోనూ నమ్మే మనిషి. కొవ్వు బెల్లు కొడుతుందని సడ్డకుడు చెప్పింది సగం విని, పొద్దున్నే పరగడుపున గ్లాసెడు అవిసె నూనె తాగితే షుగరు, వాపు రెండూ మాయమని అక్కకు చెప్పాడు. భైంసా నుంచి గానుగ నూనె డబ్బా తెప్పించి పెట్టాడు. ఆమె తాగింది, కక్కింది, మళ్ళీ తాగింది. సడ్డకుడు ఆదివారం వచ్చి ఆ డబ్బా చూసి నెత్తి పట్టుకున్నాడు. "నూనె బెల్లు కొడ్తది నిజమే బామ్మర్ది. కొట్టి పోదు. ఇంట్లకొచ్చి మంచమేస్కొని పండుకుంటది. గందుకే గద మేము ఉత్త బెల్లు కొట్టి పొయ్యే వేలు కోసం ఇన్నేండ్లు తండ్లాడుడు" అన్నాడు. బామ్మర్ది నవ్వాడు. మీ కంపెనీ మందు అమ్ముడుపోదని నీ భయం అన్నాడు. సడ్డకుడు గారె పక్కన పెట్టి లేచి పోయాడు. అతను గారె వదిలిపెట్టింది నేను చూసినంతలో అదొక్కసారే.

తర్వాత ఆ గోళి ఆగింది. పరీక్షలో మందు తిన్నవాళ్ళలో కొందరికి కాలేయం దెబ్బతింటున్న గుర్తులు నెత్తుట్లో కనబడ్డాయి. అదే బెల్లును నొక్కే మందు విదేశంలో కూడా ఒకటి చివరి మెట్టు దాకా వచ్చి కాలేయం దగ్గరే ఆగింది, అది లోకమెరిగిన సంగతే. పిత్తం బయటికి పోయే దారికి ఆ మందు అడ్డం పడుతుందేమోనని అతను ఏదో చెప్పాడు, నాకు పూర్తిగా అర్థం కాలేదు. కంపెనీ పెద్దలు ఇంకొంత కాలం చూద్దామన్నారట. చూడటానికి ఏమీ లేదు, ఆపండి అన్నది ఇతనే. అందరి ముందు అన్నాడు. మందు ఆగింది, కొన్నాళ్ళకు ఆ విభాగమే ఎత్తేశారు, ఇతను సామాను కట్టుకుని కరీంనగర్ వచ్చాడు.

గోళి ఆగిన కబురు చెప్పడానికి ఆదివారం దాకా ఆగలేదు. ఒక మంగళవారం వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, వంటింటి గడప దగ్గర నేల మీద కూర్చున్నాడు. నేను పక్క గదిలో ఉన్నాను, ప్రతి మాటా వినబడింది.

"వదినె, గోళి బందైంది."

"ఎందుకు?"

"కార్జం ఖరాబు చేస్తున్నది."

"అందరికా?"

"అందరికి గాదు. కొందరికి."

"అయితే నాకు గాకపోవచ్చు."

"నీకే గావచ్చు. ఎవలకైతదో ముందుగాల తెల్వది."

 "మాటిచ్చినవ్ గద మరిదీ" అంది ఆమె. నిష్ఠూరంగా కాదు, గుర్తు చేసినట్టు.

"ఇచ్చిన. ఇప్పుడు గా గోళి ఎవలన్న తెచ్చి నీ చేతుల పెట్టినా గుంజి పారేస్త. సూది ఏస్కో వదినె, నీ కాళ్ళు మొక్కుత. నేనే వచ్చి రోజు ఏసి పోత."

"ఇంకోటి చేస్తవు తియ్యి. గంత సదువుకున్నవు" అని ఆమె లేచి చాయ్ పెట్టింది.

ఆ తర్వాత అతను ఎన్నిసార్లు బతిమాలాడో నాకే తెలుసు. ఇన్సులిన్ సీసా తనే కొని తెచ్చి మా ఫ్రిజ్ తలుపులో పెట్టాడు. సూది ఎంత సన్ననిదో చూపించడానికి తన పొట్టలోనే ఉత్త సూది గుచ్చుకున్నాడు. ఆమె నవ్వింది. బెల్లు మంచిదే, కొట్టిన వేలే మంచిది కాలేదని అతను ఒకసారి నాతో అన్నమాట విని, చూసినవా, బెల్లు మంచిదే అంటున్నడు, మంచి వేలు దొరుకుతది అని నాకే చెప్పింది. కాలి బొటనవేలి మీద పుండు పడింది. అది మానలేదు. మిగతాది ఏ షుగర్ ఇంట్లోనైనా అడగండి, అదే చెబుతారు.

ఆమె పోయిన తర్వాత నేనూ సడ్డకుడూ మాట్లాడుకోలేదు. అతను ఆదివారం రావడం మాత్రం మానలేదు. నేను తలుపు తీసేవాణ్ణి. అతను కూర్చునేవాడు. నేను పేపరు చదువుకునేవాణ్ణి, అతను తన వంతు పేజీలు తీసుకునేవాడు. గారెలు లేవు, మరకలు లేవు. మధ్యాహ్నం దాటాక లేచి, వస్త అన్నా అని వెళ్ళిపోయేవాడు. కొన్నేళ్ళు అలాగే సాగింది. నేను అతన్ని క్షమించలేదని మా వాళ్ళంతా అనుకున్నారు. అతనూ అలాగే అనుకున్నాడని అతని దినాల నాడు తెలిసింది.

దినాలు ధర్మపురిలో చేశారు, అది మా అత్తగారి ఊరు. గోదావరి ఒడ్డున మోదుగాకు విస్తరిలో అన్నం, పప్పు, జొన్నరొట్టె, గారెలు పెట్టారు, పిట్టకు. కాకి వచ్చి ముట్టుకుంటేనే పోయినవాడికి తృప్తి అయినట్టు. ముట్టకపోతే అతనికి ఏదో కోరిక మిగిలిందని, బతికున్నవాళ్ళు ఒక్కొక్కరే విస్తరి వైపు తిరిగి మాట ఇవ్వాలి. నేను ఈ వయసులో నమ్మను, ఆ వయసులోనూ నమ్మలేదు. ఎండలో నిలబడ్డాను. కాకులు చింత కొమ్మ మీద కూర్చుని మమ్మల్ని చూస్తున్నాయి, రాలేదు. అతని భార్య, నా మరదలు, పిల్లను మంచిగ చూసుకుంట అంది. రాలేదు. బామ్మర్ది, బావా నీ పేరు మీద కాలేజీల బహుమతి పెడ్త అన్నాడు, అక్కడున్న వాళ్ళందరికీ వినబడేలా. కాకులకు అదీ నచ్చలేదు. నాకు మొదటిసారి వాటి మీద గౌరవం కలిగింది.

అప్పుడు మరదలు నా దగ్గరికి వచ్చింది. మూడుసార్లు మునిగిన తడి చీర ఇంకా ఆరలేదు.

"బావా, గాయన మనసంత గా మాట కాడనే ఉండె. ఆదివారం మీ ఇంటికెళ్ళి వచ్చినంక బువ్వ తినకపోతుండె. అన్న ఇంక మాఫ్ చెయ్యలే అనేటోడు. నువ్వొక్క మాట అను. నువ్వంటెనే పిట్ట ముడ్తది."

అందరూ నా వైపు తిరిగారు. కర్మ చేయించే అయ్యగారు గడియారం చూసుకున్నాడు. ఇంతమందిలో, ఒక ఆకు ముందు నిలబడి, నమ్మని కాకి కోసం మాట్లాడమంటే నా ఒళ్ళు మండింది. చెప్పదలుచుకుంటే అతను బతికున్నప్పుడు, ఎదురుగా కుర్చీలో ఉన్నప్పుడు చెప్పేవాణ్ణి కాదా? చెప్పడానికి ఏముందని? ఎరిగిన విషయమే కదా అనుకున్నాను నేను. అతనికి తెలుసుననే అనుకున్నాను. ఏ మందూ కలపని ఉత్త చుక్కను కూడా పరీక్షించి చూసే మనిషి, ఆ ఒక్క విషయం నన్ను అడిగి తెలుసుకోలేకపోయాడా?

మరదలు అలాగే నిలబడి ఉంది. అతను పోయిన నాటినుంచి సరిగ్గా తినలేదని ముఖమే చెబుతోంది. కాకి ముట్టకపోతే మరదలు ఇక బతికినంత కాలం ఆ విస్తరినే చూస్తుంది. నేను ముందుకు జరిగాను.

"నువ్వు మాట తప్పలే" అన్నాను.  "ఇచ్చుంటె గా మొదటి షీటే ఆమెను మింగుతుండె. ఇయ్యకపోవుడే నువ్వు చేసిన మేలు. మాఫీ లేదు ఏం లేదు, బాకీ ఉంటె గద మాఫీ. ఇగ తిను."

కొంచెం సేపటికి ఒక కాకి దిగింది. అన్నం వైపు చూడలేదు. రొట్టెను కాలితో నెట్టింది. తిన్నగా గారె దగ్గరికి పోయి, ముక్కుతో పట్టి, నీళ్ళ మీదుగా అవతలి ఒడ్డుకు ఎగిరింది. మరదలు భోరున ఏడ్చి నా కాళ్ళు పట్టుకుంది. బామ్మర్ది ఫోనులో తీసిన వీడియో సాయంత్రానికి మా చుట్టాలందరికీ చేరింది, శాస్త్రవేత్త ఆత్మ శాంతించిందన్న రాతతో.

ముందుగాల గిన్నె కడిగిందెవలో అడుగు అని నాకు పక్కనుంచి వినబడినట్టే ఉంది. నూనె వాసనకు వచ్చింది అన్నా, పిట్టకు గూడ బెల్లుంటది అని కూడా. విస్తరిలో గారె పెట్టిన చోట ఆకు మీద గుండ్రంగా నూనె మరక మెరుస్తోంది. ఎండకు పట్టి చూడబుద్ధయింది. ఇంత మంది ముందు చూడలేకపోయాను.

మొన్నటి ఆదివారం తలుపు తీసి ఉంచాను, అలవాటు చొప్పున. అతని వంతు పేజీలు మడత పెట్టినవి మడత పెట్టినట్టే ఉన్నాయి. అతని మీద నాకు ఏమీ లేదు, ఏనాడూ లేదు. మొగుడు చెప్పింది వినలేదు, డాక్టరు చెప్పింది వినలేదు, సరే. మాట ఇచ్చినవాడే గడప దగ్గర నేల మీద కూర్చుని ఆ మాట నమ్మకు వదినె అని ఏడిస్తే, అదీ వినకుండా, వాడు ఎప్పటికైనా తెస్తాడని వాడి మీద వాడికే లేని నమ్మకం పెట్టుకుని పోయిన మనిషి ఒకతె ఉంది. ఆమె పోయి, అతన్ని ఇన్నేళ్ళు అన్నానికి దూరం చేసి, నన్ను ఈ ఖాళీ ఇంట్లో కూర్చోబెట్టింది. ఫ్రిజ్ తలుపులో ఆ సీసా మూత తీయకుండా ఇంకా ఉంది. మా వైపు మొగుడు పెండ్లాం పేరు పలకడు. కాపురం చేసినంత కాలం నేనూ పలకలేదు. తప్పు ఎవరిదని ఎవరైనా అడిగితే ఇప్పుడు చెబుతాను.

నర్సవ్వది.